మా వంతు కిరసనాయిలు

నాకు వచ్చింది క్షయ. ఈ మాట మొదటి లైనులోనే రాసేస్తున్నాను, ఎందుకంటే దీన్ని పైకి అనడానికి మా ఇంట్లో రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మా సందు మొత్తానికీ నేను కామెర్ల మనిషిని. ఇప్పుడు నా ఒంట్లో ఏ జబ్బూ లేదు. మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తుంది, అది నా వయసులో ఎవరికైనా వస్తుంది. స్థిమితంగా కూర్చుని రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి కామెర్లు ఉంటే వాళ్ళు చదివి ధైర్యం తెచ్చుకోవాలని ఒక కోరిక. ఇంకో కోరిక కూడా ఉంది, దాచుకోను. మా నాంపల్లి చిన్న దవాఖానలో ఈ జబ్బుకి సూది వేయడం ఎలా మొదలైందో ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రాయదగ్గ సంగతి అని ఎవరికీ తోచి ఉండదు. నాకు తోచింది, అందులో మా కిరసనాయిలు ఉంది గనక.

మేం యాభైఆరులో బెజవాడ నుంచి వచ్చాం. హైదరాబాదు రాజధాని కాగానే, మావారు పనిచేసే బట్టల కొట్టు యజమాని ఆబిడ్స్‌లో ఇంకో కొట్టు తెరిచి, నమ్మకమైన మనిషి కావాలని ఆయన్ని ఇక్కడికి పంపించాడు. నాంపల్లి స్టేషన్ వెనక మూడో సందులో ఆకుపచ్చ తలుపు ఇంటి మేడమీద వాటా కిరాయికి దొరికింది. మావారు, నేను, మా అత్తగారు. పాప లలిత ఇక్కడే పుట్టింది. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. కింది వాటాలో యాదమ్మ, ఆమె భర్త మల్లయ్య ఉండేవాళ్ళు. మల్లయ్య బేగంబజారులో మూటలు మోసే హమాలీ. యాదమ్మ పెరట్లో కోళ్ళను పెంచేది, సందులో ఎవరింట్లో ఏం జరిగినా అందరికంటే ముందు తెలుసుకునేది.

1963, వానలు

మొదట దగ్గు వచ్చింది. వానాకాలం దగ్గు ఎవరికి రాదు? మిరియాల పాలు తాగాను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మిషను మీద కుట్టు అయ్యాక చేతికుట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లేచేది కాదు. "నీకు ఒళ్ళు బరువెక్కింది" అని అత్తగారు ఒకటి రెండుసార్లు అన్నారు. అద్దంలో చూసుకుంటే నాకు ఒళ్ళే కనపడేది కాదు, ఎముకలు కనపడేవి.

ఒక పొద్దున మొహం కడుక్కుంటూ దగ్గితే తెల్లటి గచ్చు మీద ఎర్రగా పడింది. నీళ్ళు పోసేసి, ఏమీ చూడనట్టు వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. కాఫీ కలిపాను, పాపకి జడ వేశాను. ఆ తరవాత మావారిని పక్కకి పిలిచి చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కుని, ఆరోజు కొట్టుకి సెలవు పెట్టారు. ఆయన సెలవు పెట్టడం అదే మొదటిసారి. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది.

ఈ జబ్బుకి అప్పట్లో ఊరికి అటు చివర ఒక పెద్ద దవాఖాన ఉండేది. ఛాతీకి ఫొటో తీశారు, చూశారు, చెప్పారు. అక్కడి డాక్టరుగారు మంచి మనిషి. "ఇదివరకటిలా మంచం పట్టి ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదమ్మా. సూదులు, మాత్రలు ఉన్నాయి. ఏడాదిన్నర వాడాలి. మధ్యలో మానకూడదు. గుడ్డు, పాలు, నెయ్యి బాగా తిను. పాపని కొన్నాళ్ళు దూరంగా ఉంచు" అన్నారు. నేను చివరి మాట ఒక్కటే విన్నాను. లలితకి అప్పుడు నాలుగేళ్ళు. మా అన్నయ్య వచ్చి దాన్ని బెజవాడ తీసుకెళ్ళాడు. స్టేషన్ ఇంటికి దగ్గరే కదా, రైలు కూత వినపడింది. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈ మందు చివరిదాకా పూర్తి చేస్తేనే పాప తిరిగొస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తరవాత నేను చేసిన ప్రతి పనీ దానికోసమే.

ఇంట్లో పెద్ద సభ జరిగింది. సభ అంటే మా అత్తగారు మాట్లాడడం, మేమిద్దరం వినడం. "ఈ మాట గుమ్మం దాటడానికి వీల్లేదు. తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు. నీకు జాకెట్టు గుడ్డ ఒక్కరివ్వరు. కొట్టులో వాడి చేత్తో చీర విప్పి చూపిస్తే ఎవరు ముట్టుకుంటారు? కామెర్లు అని చెబుదాం. కామెర్లకీ మనిషి పాలిపోతుంది, నీరసపడుతుంది, పడుకుంటుంది. ఎవరికీ అనుమానం రాదు" అన్నారు. ఆ తెలివికి మావారు తల్లిని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

కామెర్లకి పథ్యం ఉంటుందన్న సంగతి మా ముగ్గురికీ మర్నాడు గానీ గుర్తుకు రాలేదు.

కామెర్ల మనిషి నూనె ముట్టకూడదు, నెయ్యి వాసన చూడకూడదు. చప్పిడి మెతుకులు, మజ్జిగ నీళ్ళు. ఆ సందులో గోడలు ఎంత పల్చనివంటే, మా ఇంట్లో పోపు పెడితే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. ఇక గుడ్డు అట్టు వేస్తే దాగుతుందా? "కామెర్ల మనిషి గుడ్డు తింటోందంటే ఎవరు నమ్ముతారే?" అని అత్తగారు వాపోయేవారు. అబద్ధం నిలబడడం కోసం నేను మజ్జిగ మీద బతికాను. మందేమో కడుపులో నిప్పులా ఉండేది, కడుపులో అన్నం ఉండేది కాదు.

దీనికితోడు యాదమ్మ. నాకు కామెర్లని వినగానే మర్నాడు పొద్దున్నే ఇత్తడి గిన్నెలో నేలఉసిరి నూరిన ముద్ద మజ్జిగలో కలిపి తెచ్చింది.

"తాగమ్మా. ఏడు దినాలల్ల కండ్లు తెల్లగైతయ్. మా అక్కకు గిట్లనే అయింది, గిదే పోసిన."

నా కళ్ళు అప్పటికే తెల్లగా ఉన్నాయి. ఆమె చూసిందో లేదో తెలియదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడి చూసి మరీ వెళ్ళేది. ఆ చేదు తలుచుకుంటే ఇప్పటికీ నాలుక ముడుచుకుపోతుంది. వారాలు గడిచినా కామెర్లు తగ్గలేదు, యాదమ్మ పట్టు వదల్లేదు.

నేను మరీ చిక్కిపోతున్నానని చూసి చివరికి అత్తగారే దారి కనిపెట్టారు. మావారు ఆబిడ్స్ నుంచి వస్తూ జేబులో గుడ్లు తెచ్చేవారు. అత్తగారు వాటిని అన్నంతోపాటు ఉడికించేవారు, వాసన రాకుండా. పెంకులు కాగితంలో పొట్లం కట్టి మావారి టిఫిన్ డబ్బాలో పెడితే, ఆయన వాటిని ఆబిడ్స్‌లో చెత్తకుండీలో పారేసి కొట్టుకి వెళ్ళేవారు. మావారి నమ్మకమైన ఉద్యోగంలో ఇదొక భాగమైంది. జబ్బు పోయాక మేం ఈ సంగతి తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో.

1964, ఎండలు

పెద్ద దవాఖానకి వెళ్ళాలంటే రెండు బస్సులు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటేది. ఎక్కడికని సందులో అడిగితే, చాదర్‌ఘాట్‌లో కామెర్లకి పసరు పోసే ఆయన దగ్గరికి అని చెప్పేవాళ్ళం. అక్కడ వరండాలో బల్లలు, బల్లల మీద మేము. ఎవరూ ఎవరి మొహమూ చూసేవాళ్ళు కాదు. ఆడవాళ్ళు కొంగు ముక్కుదాకా లాక్కునేవాళ్ళు, మగవాళ్ళు తువ్వాలు చుట్టుకునేవాళ్ళు. వానాకాలం రైలుపెట్టెలో కూడా జనం ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. మా వరండాలో దగ్గు తప్ప ఏమీ వినపడేది కాదు.

కిటికీ దగ్గర గుమాస్తా వెళ్ళినప్పుడల్లా పేరు, మొహల్లా, అంటే ఏ పేటో, అడిగి చీటీ ఇచ్చేవాడు. మొదటిరోజు మావారు "కోఠి" అన్నారు. ఆయన స్నేహితుడి ఇల్లు అక్కడ ఉంది. వెనక మా సందువాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని ఆయన భయం. అప్పట్నుంచీ నేను కోఠి మనిషిని. ఇంటి దగ్గర కామెర్లు, కిటికీ దగ్గర కోఠి. ఏ చోట ఏ అబద్ధమో గుర్తుపెట్టుకోవడం ఒక పనైపోయింది.

కొన్ని నెలలకి జ్వరం పోయింది. దగ్గు తగ్గింది. సూది వేయించుకుంటే చెవుల్లో హోరు, కళ్ళు తిరగడం. ఎండ చూస్తే బస్సెక్కడానికి కాళ్ళు రాలేదు. తగ్గింది కదా అని రెండు వారాలు మానేశాను. ఆ పైన ఇంకో రెండు. అప్పుడు ఒక మధ్యాహ్నం మళ్ళీ ఎర్రగా కనపడింది.

డాక్టరుగారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడదాం. ఈసారి మానేస్తే ఈ మందు నీకు పనిచెయ్యదు. వేరే మందు నా దగ్గర లేదు" అన్నారు. లలిత మొహం కళ్ళ ముందు కనపడింది. బయటికొచ్చి చీటీ కోసం వరసలో నిలబడ్డాను.

నా ముందున్న మనిషిని గుమాస్తా అడుగుతున్నాడు.

"పేరు?"

"మల్లయ్య. నా పెనిమిటి. గాడ కూసున్నడు."

"మొహల్లా ఏంది?"

"చాదర్‌ఘాట్."

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ పొద్దున్నే "తాగమ్మా" అనే గొంతు. తలెత్తేసరికి యాదమ్మ చీటీ తీసుకుని వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. ఈలోగా గుమాస్తా నా పేరు రాసుకుని "మొహల్లా?" అన్నాడు. ఏం చేయను? నోటికి అలవాటైపోయింది.

"కోఠి" అన్నాను.

యాదమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏందమ్మా, కోఠిల కామెర్లకు గీడ సూది వేస్తరా?"

"చాదర్‌ఘాట్‌కి ఎప్పుడు మారారు యాదమ్మా? పొద్దున నీ కోళ్ళు నాంపల్లిలో మా పెరట్లోనే ఉన్నాయే" అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే నాకు దగ్గొచ్చింది, నన్ను చూసి బల్ల మీద మల్లయ్య నవ్వబోయి దగ్గాడు. ఆ వరండాలో అంతకుముందు ఎవరూ నవ్వి ఉండరు, అందరూ తలలెత్తి చూశారు. నవ్వు ఆగాక యాదమ్మ కళ్ళు తుడుచుకుంటూ, నిజంగా నొచ్చుకుని అంది:

"గన్ని దినాలు నేలుసిరి నూరి నూరి నా చేతులు ఆకుపచ్చగైనయ్. ఒక్క మాట చెప్తే నా కోళ్ళ గుడ్లు తెచ్చిస్తుంటి గద చెల్లే."

నన్ను ఆమె చెల్లె అనడం అదే మొదలు. నేనూ ఆరోజు నుంచి అక్కా అనే పిలిచాను.

మా మాటలు సూదులు వేసే ఎస్తేరు సిస్టర్ విన్నది. మెదక్ మిషన్‌లో పెరిగిన మనిషి, తెల్లచీర మీద మడత నలిగేది కాదు. నా జబ్బకి దూది అద్దుతూ నెమ్మదిగా అడిగింది.

"మీరిద్దరు నాంపల్లోళ్ళా?"

ఇద్దరం తల వంచుకున్నాం.

"ఆర్డరొచ్చి ఏడాది దాటింది. దూరం రావొద్దు, ఇంటికి దగ్గరున్న చిన్న దవాఖానలల్లనే సూది వెయ్యాలె, మాత్రలియ్యాలె అని. ఏ మొహల్లల పేషెంట్లు ఎక్కువుంటే గాడ ముందుగాల పెడ్తరంట. నాంపల్లిల ఒక్కరు గూడ లేరని పక్కకు పెట్టిన్రు." సూది తీసి నా మొహంలోకి చూసింది. "ఒక్కరు గూడ లేరంట."

ఆ మాటకి నాకు సంతోషం కలగలేదు. నిజం చెప్పాలంటే గుండె జారింది. నాంపల్లి దవాఖాన మా సందు చివర, కూరగాయల బండ్లు ఆగేచోట ఉంది. అక్కడ నేను వరసలో నిలబడాలా, నాకు జాకెట్లు కుట్టడానికి ఇచ్చేవాళ్ళందరూ చూస్తుండగా? ఈ మంచిపని మా పేటకి రాకుండా ఉంటేనే మేలు అనుకుంటూ బస్సెక్కాను. సర్కారు పనులు నత్తనడక నడుస్తాయని మావారు రోజూ పేపరు చదివి విసుక్కుంటారు. ఆ నడకలో ఒక కాలు మాది కూడా అని ఆరోజు బస్సులో నాకు తెలిసింది, తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

మల్లయ్య రావడం మానేశాడు. పొద్దున్నే బజారుకి పోకపోతే మూటలు వేరేవాళ్ళకి పోతాయి. రోజు విడిచి రోజు ఊరికి అటు చివరికి వెళ్ళే హమాలీకి ఎవరు పనిస్తారు? "సూదికి పోతే కూడు లేదు, కూటికి పోతే సూది లేదు, ఏం జెయ్యాలె చెల్లే" అని యాదమ్మ ఏడ్చింది. మేడమీద పడుకుంటే కింద మల్లయ్య దగ్గు నాకు వినపడేది. అది నా దగ్గే. ఒకే దగ్గు రెండు వాటాల్లో వినపడేది. వినీ విననట్టు నాలుగు రోజులు ఉన్నాను. ఐదోరోజు నావల్ల కాలేదు.

వరసలో నా వంతు వచ్చింది. "మొహల్లా?"

"నాంపల్లి" అన్నాను. గట్టిగానే అన్నాను.

గుమాస్తా కలం ఆగింది. "మొన్నటిదంక కోఠి అన్నరు?"

"ఇల్లు మారాం."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆయన నవ్వును మీసంలో దాచుకుని రాసుకున్నాడు. నా వెనక బురఖాలో ఉన్నావిడ ముందుకు జరిగింది. వరసగా నెలల తరబడి ఆవిడ చార్‌మినార్ అని చెప్పడం నేను విన్నాను. ఆరోజు ఒక్క క్షణం ఆగి, "నాంపల్లి. దర్గా సందు" అంది. తరవాతి వారం ఇంకొకాయన. ఆ పై వారం తండ్రీ కొడుకులు. వరండాలో జనం మెల్లిగా ఒకరి మొహం ఒకరు చూడడం మొదలుపెట్టారు. ఎంతమంది మావాళ్ళే ఉన్నారో! ఒకే కూరగాయల బండి దగ్గర బేరమాడుకునేవాళ్ళం, ఇన్నాళ్ళూ పరాయి పేటల పేర్లు చెప్పుకుంటూ పక్కపక్కన కూర్చున్నాం.

ఇంట్లో చెబితే మావారు, "రేపటినుంచి పెంకులు ఇక్కడే పారేద్దాం" అన్నారు. అత్తగారు మాత్రం నాతో పదిరోజులపాటు మాట్లాడలేదు. అన్నం పెట్టేవారు, నెయ్యి వేసేవారు, మాట మాత్రం లేదు.

1965

మేం మొహల్లా పేరు చెప్పినంత మాత్రాన దవాఖానలో సూది వచ్చేస్తుందని అనుకున్నది నా అమాయకత్వం. ఉగాదికి నాంపల్లి పేరు మీద ఆర్డరు వచ్చింది. ఎండలు ముదిరాక మందు పెట్టెలు వచ్చాయి, గదికి తాళం లేదని వాటిని తిప్పి పంపారు. తాళం వచ్చాక పెట్టెలు మళ్ళీ వచ్చాయి. ఎస్తేరు సిస్టర్ తనంతట తాను అడిగి నాంపల్లికి బదిలీ చేయించుకుంది. వచ్చి కూర్చుంటే వేయడానికి సూదులు లేవు. సూదులు వచ్చాక వాటిని ఉడికించే పెట్టె కోసం ఎదురుచూశాం, పెట్టె వచ్చాక స్టవ్వు కోసం. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆఫీసు నుంచి రావాలట, ఒక ఆఫీసు సంగతి ఇంకోదానికి తెలియదట. మా సందు చివర గది తలుపు తెరిచే ఉండేది, లోపల సిస్టర్ కూర్చునే ఉండేది, మేం మాత్రం దాని ముందునుంచే బస్సెక్కి ఊరవతలికి వెళ్ళేవాళ్ళం.

ఆ వానాకాలం నాకు గండంలా గడిచింది. ఒకరోజు తిరిగొస్తూ కోఠిలో బస్సు మారేచోట కళ్ళు తిరిగి కింద పడిపోయాను. పాత పుస్తకాలు అమ్ముకునే ఆయన లేపి, పుస్తకాల మీద కప్పిన పట్టా తీసి నా నెత్తి మీద పట్టుకున్నాడు. ఆయన పుస్తకాలు తడిసిపోతున్నాయి. "పర్వాలేదమ్మా, ఎండకు ఆరుతయ్. నువ్వు కూసో" అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఆయన పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఇంటికొచ్చాక మావారు, "ఇంక నిన్ను పంపను" అన్నారు. పంపకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన ఏడుస్తుంటే చూడడం నాకు ఆ జబ్బు మొత్తంలోకీ కష్టమైన సంగతి.

దసరా ముందు స్టవ్వు వచ్చింది. యాదమ్మ మెట్ల కిందనుంచే కేకేసింది. మల్లయ్యని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ, నేనూ ఆమే వెళ్ళాం. దర్గా సందు ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది. సిస్టర్ బయటికొచ్చి మా మొహాలు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల సూది లేదమ్మా. స్టవ్వొచ్చింది. దాంట్ల పోసేటందుకు గాసునూనె మంజూరు కాలే. నూనె ఈ దవాఖాన ఖర్చా, క్షయ ఖాతా ఖర్చా అని పైన తేలలేదంట."

నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళ బస్సులు, మజ్జిగ, బెజవాడలో పాప, అన్నీ కలిసి వచ్చి ఆ ఎండిన స్టవ్వు దగ్గర ఆగిపోయాయి. "ఉండండి సిస్టర్" అని లేచాను. నాకంటే ముందే యాదమ్మ పరిగెత్తింది. దీపాల్లో పోసే కిరసనాయిలు సీసాతో తిరిగొచ్చి, "ఇగో, వెలిగియ్యమ్మా" అంది. సిస్టర్ నాంపల్లి దవాఖాన డాక్టరుగారి గదివైపు చూసింది. ఆయన కిటికీలోంచి ఇటు చూసి, చూడనట్టు పేపరు ఎత్తి పట్టుకున్నారు. స్టవ్వు వెలిగింది. నీళ్ళు మరిగే చప్పుడు వింటూ మేమంతా కూర్చున్నాం. ఆ చప్పుడంత హాయిగా నాకు ఏ పాటా వినపడలేదు.

అలా వంతులు పెట్టుకున్నాం. మా వంతు సోమవారం. మంగళవారం దర్గా సందు ఆవిడది. అందరూ తమ పేరు చెప్పుకుని సీసా పట్టుకుని సందులోంచి నడిచి వచ్చేవాళ్ళు. మల్లయ్య ఊపిరితిత్తి ఒకటి చాలావరకు చెడింది, మళ్ళీ మూట ఎత్తలేడని తేలిపోయింది. ఆ ఏడాది ఆలస్యం ఆయన ఒంటి మీద అలా నిలిచిపోయింది, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. సూదులు ఉడికించే పని ఆయనే పెట్టుకున్నాడు. పంపు కొట్టి మంట సరిచేస్తూ కూర్చునేవాడు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒక సోమవారం నాకు నీరసంగా ఉంది. సీసా ఎవరు పట్టుకొస్తారు? అత్తగారు సీసా తీసి కొంగు కింద దాచుకుని, "పద" అన్నారు. ఆవిడ దవాఖాన గడప తొక్కడం అదే మొదలు. మేం వెళ్ళేసరికి పైనుంచి తనిఖీ అధికారి వచ్చి ఉన్నాడు. స్టవ్వు చుట్టూ తిరుగుతున్నాడు.

"ఈ కిరసనాయిలు ఎక్కడిది? మంజూరు లేదే? బయటివాళ్ళ కిరసనాయిలు సర్కారు స్టవ్వులో పోయకూడదు. ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఆపండి."

మల్లయ్య చెయ్యి పంపు మీద ఆగిపోయింది. సిస్టర్ ఏదో చెప్పబోయింది. బల్ల మీద మేమందరం, చెప్పుకోవడానికి సిగ్గే, పిల్లుల్లా ఉన్నాం. అప్పుడు మా అత్తగారు కొంగు కిందనుంచి సీసా తీసి, అందరికీ కనపడేలా స్టవ్వు పక్కన పెట్టారు.

"బాబూ, మా కోడలికి క్షయ" అన్నారు.

రెండేళ్ళు ఆ మాట గుమ్మం దాటకుండా కాపలా కాసిన మనిషి. బయట కూరగాయల బండి దగ్గరున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"కామెర్లని అందరికీ చెప్పింది నేనే. కామెర్లు కాదు, క్షయ. రోజు విడిచి రోజు సూది పడితేనే బతుకుతుంది. నా మనవరాలు బెజవాడలో ఉంది, వాళ్ళమ్మ బతికితేనే వస్తుంది. మీ కిరసనాయిలు ఎప్పుడొస్తుందో మీ ఇష్టం, మేం అడగం. అదొచ్చేదాకా మాది పోస్తాం. అభ్యంతరం పెట్టుకోండి బాబూ, అది మీ పని. సూది ఉడకడం మా పని."

ఆయన కుర్రవాడేం కాదు, చెడ్డవాడూ కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సిస్టర్ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. "మీరు చెప్పినట్టే రాసి పైకి పంపిస్తానమ్మా" అని, మల్లయ్యవైపు తిరిగి, "కానివ్వు" అన్నాడు.

ఆరోజు సూది నాకు నొప్పి పుట్టలేదు అంటే అబద్ధం. పుట్టింది. ఇంటికి నడుస్తుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు, సందు మధ్యలో, అందరి ముందూ. నాకు ఏడుపొచ్చింది. "ఏడిస్తే దగ్గొస్తుంది, ఊరుకో" అన్నారు. జాకెట్లు? రెండు ఇళ్ళవాళ్ళు మానేశారు. మిగతావాళ్ళు మానలేదు. పక్కింటావిడైతే ఒక గుడ్డ ఎక్కువే తెచ్చింది.

తరవాత

అరవై ఆరులో మందు పూర్తయింది. పెద్ద దవాఖాన డాక్టరుగారు ఫొటోని వెలుతురుకి పట్టి చూసి, "ఇంక రానక్కర్లేదు" అన్నారు. లలిత బెజవాడ నుంచి వచ్చింది. పొడుగైపోయింది, నన్ను చూసి మా అన్నయ్య వెనక దాక్కుంది. సాయంత్రానికి నా ఒళ్ళో ఉంది. దాని బరువు నా మోకాళ్ళ మీద ఉంటే లేవబుద్ధి కాలేదు, అన్నం కూడా అలాగే తిన్నాను.

సర్కారు కిరసనాయిలు ఆ తరవాత ఏడాదికి గానీ రాలేదు. పెద్ద డబ్బా, మూత మీద ముద్ర. ఆ అధికారి పంపించిందే. అంతకాలం ఏం చేశాడని ఆయన్ని నేను తిట్టుకోను, ఎన్ని బల్లల మీద ఎంతమందికి చెప్పుకున్నాడో. డబ్బా వచ్చిన రోజు మేమంతా చూడ్డానికి వెళ్ళాం. మల్లయ్య కొబ్బరికాయ కొట్టాడు. అప్పటికి మా సీసాల మీద నాంపల్లిలో ఎంతమంది లేచి తిరుగుతున్నారో మాకు తెలుసు. ఆ గర్వం మాది, ఎవరూ ఇచ్చింది కాదు.

వంతు పోయినా సోమవారం పూట నాకు కాళ్ళు అటే పోతాయి. కొత్తవాళ్ళ పక్కన కాసేపు కూర్చుని వస్తాను. మొన్నొక సోమవారం కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతి వచ్చింది. కొంగు ముక్కుదాకా లాక్కుంది. చీటీ రాసే ఆయన మొహల్లా అడిగితే అటూ ఇటూ చూసి, వినీ వినపడనట్టు అంది.

"చాదర్‌ఘాట్."

బల్ల మీద నా పక్కన యాదమ్మ కిసుక్కున నవ్వింది. నేను లేచి ఆ పిల్ల పక్కకి వెళ్ళాను. గాజులమ్మే సందులో ఆ పిల్లని నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

"చాదర్‌ఘాట్ అంటే అక్కడికే పొమ్మంటారమ్మా. నాంపల్లి అని చెప్పు. నాదీ నాంపల్లే, నాకూ వచ్చింది ఇదే జబ్బు" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. నమ్మలేదు. "మీకా? మీరుండేది ఎక్కడ?"

"స్టేషన్ వెనక మూడో సందు, ఆకుపచ్చ తలుపు ఇల్లు" అన్నాను. "క్షయ వచ్చి తగ్గినావిడ ఇల్లేదని అడుగు. ఎవరినడిగినా చూపిస్తారు."